కొమ్ముపురుగుల కుండ

నువ్వుల చేను కనిపిస్తే నేను మొదట నేల చూస్తాను. ఎనభై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు. పూత ఎట్లా ఉంది, కాయ పట్టిందా అని అందరూ పైకి చూస్తారు. నేను మొక్కల మొదట్లో నల్లటి లెంకలు పడి ఉన్నాయేమోనని వెతుకుతాను. మేక పెంటికల్లా ఉంటాయి కానీ వాటికంటే చిన్నవి. అవి కనిపించిన చోట తలెత్తితే పైన కొమ్ముపురుగు ఉంటుంది. వేలంత లావున, ఆకుపచ్చగా, వెనక కొస మీద వంకర కొమ్ముతో. కింద చూడకుండా వెతికితే చేనంతా తిరిగినా ఒక్కటి కనబడదు. ఆకులో ఆకులా కలిసిపోతుంది.

ఇది నాకు నేర్పింది శాంతమ్మ. ఆ వానాకాలం నాకు పదకొండేళ్ళు. ఎక్కడో యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు. మాది ఇటిక్యాల వైపు పల్లె. మా నాయన ఈరన్నకు నాలుగెకరాల చెలక, వాన మీద పండే ఎర్రనేల, ఉండేది. ఆ ఏడు దాంట్లో నువ్వులు వేశాడు. శాంతమ్మ మా చేనికి కూలికి వచ్చేది. పాతికేళ్ళు ఉంటాయేమో. ఊరి చివర కిరస్తానపు ఇళ్ళలో ఉండేది. చిన్నప్పుడు మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిందని చెప్పుకునేవాళ్ళు.

మా అక్క జములమ్మ అప్పటికి మూడు నెలలుగా మా ఇంట్లోనే ఉంది. ఆమె అత్తగారి ఊరు కృష్ణ అవతల, పాన్‌గల్ దగ్గర. ఎండాకాలంలో మా బావ నెల రోజులు జ్వరంతో పడుకుని చనిపోయాడు. చనిపోయే ముందు సాయంత్రం అరచేయంత రెక్కల పురుగు ఒకటి ఇంట్లోకి వచ్చిందట. దాని వీపు మీద మనిషి పుర్రె లాంటి ముఖం. అది అక్క భుజం మీద వాలి, కీచుమని అరిచి, దీపం చుట్టూ తిరిగింది. తెల్లవారేసరికి బావ లేడు. మా వైపు దాన్ని సావుపురుగు అనేవాళ్ళు. అక్క అత్త భీమమ్మ ఊరంతటికీ ఒకటే మాట చెప్పింది: "అది దీని భుజం మీదెక్కి వచ్చింది. నా కొడుకును తీస్కపోయింది." కర్మ అయిన మరునాడే అక్కను తోలు పుట్టి ఎక్కించి నది దాటించారు. మూడేళ్ళ కూతురు రాములమ్మను మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు.

ఆషాఢంలో భీమమ్మ నుంచి కబురు వచ్చింది. భాద్రపదం చివర పెత్తరమాస దాటాక తానే వస్తుందట, పెళ్ళికి మేం పెట్టిన ఇత్తడి సామాను మాకు అప్పజెప్పి పోతుందట. సామాను వాపసు వచ్చిందంటే ఇక ఆ గడప తొక్కే పని లేదు. పిల్ల వాళ్ళదే.

ఆ వారమే చేనికి కొమ్ముపురుగు పడింది.

ఆరుగురం ఏరుతున్నాం. మనిషికో సాలు, మనిషికో కుండ. అక్క పక్క సాలు పట్టడానికి ఎవరూ రాలేదు. తిరుపతమ్మ అనే ఆమె తన కుండ ఎత్తుకుని రెండు సాళ్ళు వదిలి అవతలికి పోయింది.

"ఏమే, నడుమ సాళ్ళు ఎవరేరాలె? నీ మొగుడొస్తడా?" అంది మా అవ్వ. మా అమ్మ ఎంకమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం.

"ఆయనొస్తె సాలుకడ్డం పండుతడు, గంతే," అని తిరుపతమ్మ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకు చిన్న పిల్లలున్నరు ఎంకమ్మా. ఏమనుకోకు."

అక్క విననట్టే ఒక పురుగును పట్టి లాగింది. కొమ్ముపురుగు కాడను పట్టుకుంటే ఊరికే రాదు. తల వెనక్కి వంచి, పళ్ళు నూరినట్టు టిక్కుటిక్కుమంటుంది.

శాంతమ్మ వచ్చి ఆ వదిలేసిన సాళ్ళ మధ్య నిలబడింది.

"జములమ్మా, ఒకటడుగుత, కోపం జేయకు. గా దినం మీ ఇంట్లకొచ్చిన పురుగు వీపు మీద మొకం లెక్క ఉండెనా?"

అక్క చేతులు ఆగిపోయాయి. "ఉండె."

"కీచుమన్నదా?"

"అన్నది. ఎందుకడుగుతున్నవ్?"

శాంతమ్మ తన కుండలోంచి ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "గది గిదే."

"ఏంది గిదే?"

"గీ కొమ్ముపురుగే. పెద్దగైనంక మట్టిలకు దిగుతది. లోపట గట్టిగై పండుకుంటది. రెక్కలొచ్చినంక బయటికొస్తది. బడిల మా టీచరమ్మ సీసల పెట్టి పెంచింది. ముప్పైమందిమి సూసినం. ఒక్కరు గూడ సావలె."

"కిరస్తానపు బడిల ఇంకేం జెప్తరు!" అని తిరుపతమ్మ అటునుంచి అరిచింది. "రేపు మా బర్రెకు గూడ రెక్కలొస్తయంటది."

అందరూ నవ్వారు. శాంతమ్మ కూడా నవ్వింది. అక్క ఒక్కతే నవ్వలేదు. శాంతమ్మ చేతిలోని పురుగును చూస్తూ ఒక అడుగు దగ్గరికి వేసింది.

"రెక్కలొచ్చుడు నాకు జూపిస్తవా?" అంది. "నాకు గాదు. మా అత్తకు జూపియ్యాలె."

ఇంటికి పురుగులను తెస్తామంటే అవ్వ మండిపడింది. "ఒక్క పురుగు ఇంట్లకొచ్చిందనే ఆడికెల్లి ఎల్లగొట్టిన్రు. ఇప్పుడు ఈడ కుండెడు పెంచుతరా?"

నాయన ఎద్దుల మెడలు తుడుస్తూ అన్నాడు. "కొట్టంల పెట్టుకోని తియ్యే. ఎడ్లకేం భయం?"

అట్లా పాత నీళ్ళకుండ ఒకటి కొట్టంలో మూలకు చేరింది. మూతికి చీర పేలిక కట్టాం. పదకొండు పురుగులు. పొద్దున్నే లేత నువ్వాకు కోసుకు రావడం నా పని. మంచు తడి ఉంటే కొంగుతో తుడవాలి. తడి ఆకు తింటే వాటికి కడుపు పారుతుంది. నిన్నటి కాడలు, లెంకలు తీసేయాలి. మధ్యాహ్నం ఎద్దులు చేనికి పోయాక కొట్టంలో కూర్చుంటే, కుండలోంచి సన్న వాన పడ్డట్టు నమిలే చప్పుడు వినపడేది.

అక్క వచ్చి నా పక్కన కూర్చునేది. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె అడిగిన దానికి తప్ప మాట్లాడింది లేదు. కుండ దగ్గర మాత్రం తనంతట తాను మాట్లాడేది.

"సూడు మణీ, ఎట్ల తింటున్నయో. మా రాములు సుత గిట్లనే తింటది. పక్కకు సూడది. బువ్వ అయిపోయినంక తలెత్తి, ఇంకేది అన్నట్టు సూస్తది."

ఇంకోసారి, "ఇప్పుడు జడకు అందుతయేమో దాని ఎంటికలు," అంది.

శాంతమ్మ కొట్టంలోకి వచ్చేది కాదు. మేం రానిచ్చేవాళ్ళం కాదు. ఆమె మా ఇంటి ముళ్ళకంప అవతల నిలబడితే నేను కుండను మోసుకుపోయి చూపించేదాన్ని. ఆమె మూత విప్పి, పురుగులను లెక్కబెట్టి, ఇది కుబుసం విడవబోతోంది, దీన్ని కదిలించొద్దు అని చెప్పేది. ఒకరోజు సుద్దముక్కతో కుండ మీద ఏదో గీసింది.

"ఇదేంది?"

"ఆకు. ఇగో, గిది ఆ. గిది కు. ఇయ్యాల ఆకేసినవని గుర్తు."

మరునాడు దాన్ని తుడిచి నేనే రాశాను. వంకరగా వచ్చింది. ఆమె నవ్వి, నా వేలు పట్టి దిద్దించింది. తర్వాత కుబుసం అని నేర్పింది, తర్వాత కొమ్ము, తర్వాత నా పేరు, మణెమ్మ. నా బడి ఆ కుండ. దాని మీద పట్టినన్ని అక్షరాలతోనే తర్వాత పొట్లాల కాగితాలు చదివాను, పంచాంగం చదివాను, మెల్లగా పుస్తకాలు చదివాను. రాత్రి పూట భయం వేసినప్పుడు ఈ రోజుకీ చదువుకునే పడుకుంటాను. ఆ చలికాలమే శాంతమ్మ వాళ్ళు కాలువ పనికని వెళ్ళిపోయారు. ఎటు వెళ్ళారో నేను అడగలేదు. వెళ్ళేరోజు చూడలేదు కూడా. నాకు ఇంత ఇచ్చిన మనిషి ఎన్నిసార్లో ఎండలో కంప దగ్గర నిలబడితే, దాహమైతే దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోశానే గానీ చేతికి చెంబు ఇవ్వలేదు. అది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

శ్రావణం వచ్చింది. నాగుల పంచమికి ముందు శాంతమ్మ తల్లిగారింటికి పోతూ నాకు అప్పగింతలు చెప్పింది.

"ఇంక రెండు మూడు దినాలల్ల తిండి మానుతయి. రంగు మాసిపోయి, కుండల అటిటు ఉరుకుతయి. పరేషాన్ గాకు. మన్ను అడుగుతున్నయన్నట్టు. జానెడు లోతు మెత్తటి మన్ను పోయ్. ఆలిసెం జేయకు."

కుండ మీద మన్ను అని రాసి వెళ్ళింది.

అవి సరిగ్గా పంచమి నాడే తిండి మానాయి. పొద్దున వేసిన ఆకు వేసినట్టే ఉంది. పచ్చటి ఒళ్ళు మురికి రంగుకు తిరిగింది. పదకొండూ కుండ గోడ వెంట ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పరుగెత్తుతున్నాయి. నేను పార తీసుకుని పెరట్లోకి ఉరికాను. పుట్టలో పాలు పోసి అప్పుడే వచ్చిన అవ్వ పార లాక్కుంది.

"పంచమి నాడు మన్ను తవ్వుతవా? బుద్ధుందా? అడుగున నాగమ్మ పిల్లలుంటయి. తోక తెగితె ఎవరికి సుట్టుకుంటది? ఉన్న కష్టం సాలదా మనకు?"

అది అవ్వ ఒక్కదాని మాట కాదు. ఆ రోజు మా దగ్గర ఎవరూ నాగలి కట్టరు, గునపం ముట్టరు. ఇంట్లో కూరగాయ కూడా తరగరు.

"అవి ఉరుకుతున్నయే అవ్వా!"

"రేపటిదాంక ఉరకనీ."

అక్క గుడికి పోయింది. అడగడానికి శాంతమ్మ లేదు. నేను పుట్టు పిరికిదాన్ని. నాగమ్మకూ భయపడ్డాను, పురుగులు చస్తాయనీ భయపడ్డాను. అప్పుడు పొయ్యి కనబడింది. పొయ్యిలో బూడిద. మెత్తగా, జల్లించిన మట్టిలాగే ఉంది. తవ్వే పని లేదు, దోషం లేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ రెండు చాటల బూడిద కుండలో పోశాను. పోసీ పోయకముందే పదకొండూ తలలు దూర్చి అందులోకి దిగిపోయాయి. అక్క రాగానే ఎదురుపోయి చెప్పాను.

"దిగినయక్కా. అన్నీ దిగినయి."

ఆ రోజు అక్క రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నాలుగో రోజు శాంతమ్మ వచ్చింది. కంప దగ్గర కుండ దించి మూత విప్పితే, ఆమె ముఖం మారిపోయింది. చేయి పెట్టి తీసింది. వేళ్ళకు బూడిద. అరచేతిలో ఎండుమిరపకాయ లాంటిది ఒకటి. నల్లగా, ముడుచుకుని, తేలిగ్గా. ఇంకొకటి. ఇంకొకటి. పదకొండూ అంతే.

"బూడిదెవరు పోసిన్రు?" అంది మెల్లగా.

నేను అక్క వెనక్కి జరిగాను.

"ఎవరు పోస్తె ఏంది శాంతమ్మా," అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "నా చేతి కిందికొచ్చినయి, సచ్చినయి. పురుగు గూడ బతకది నా కాడ. మా అత్త అబద్ధమేం జెప్పింది? పిల్ల ఆడ ఉండుడే మంచిది. నా కాడుంటె ఏమైతుండెనో."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోబోయింది. నేను వెనకనుంచి ఆమె నడుమును రెండు చేతులా పట్టుకున్నాను.

"నేనే పోసిన అక్కా! అవ్వ మన్ను తవ్వొద్దన్నది. పొయ్యిల బూడిద నేనే పోసిన. నువ్వేం జేయలె. నేను సంపిన."

అక్క వెనక్కి తిరిగింది. కొడుతుందనుకున్నాను. నా ముఖంలోకి, నా చేతులకేసి, మళ్ళీ నా ముఖంలోకి చూసింది.

"పంచమని బూడిద పోసినవా?"

తలూపాను.

"పిచ్చి మణీ," అంది. "ఓ పిచ్చి మణీ." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూలబడి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదని తర్వాత అవ్వ అంది. శాంతమ్మ కంప అవతలే కూర్చుని, ఆ ఏడుపు అయిపోయేదాకా కదల్లేదు.

గడపలో నిలబడి అవ్వ అంతా విన్నది. మరునాడు నేను కొట్టంలోకి పోయేసరికి ఖాళీ కుండ పక్కన గంపెడు ఎర్రమన్ను ఉంది. చెలక మన్ను. బెడ్డ లేకుండా జల్లించి, మీద నీళ్ళు చిలకరించి ఉంది.

కానీ పురుగులేవి? చేను అప్పటికే పసుపు తిరుగుతోంది. ఆకు రాలితే కొమ్ముపురుగు ఉండదు. వెనకగా వేసిన మడి ఒక్కటే ఇంకా పచ్చగా ఉంది. నేనూ అక్కా రోజూ ఆ మడిలో నేల చూస్తూ తిరిగాం. పది రోజులకు నాలుగు దొరికాయి. ఇంతలో నాయన కోత మొదలుపెట్టాడు. ఆ మడి దగ్గరికి వచ్చి కొడవలి పట్టుకుని నిలబడితే, అక్క పోయి ఎదురుగా నిలబడింది. ఊరికే నిలబడింది.

"ఎన్ని కావాలె బిడ్డా?" అన్నాడు నాయన.

"ఆరు మొక్కలు సాలు నాయనా."

కోసిన చేని నడుమ ఆ ఆరు మొక్కలు నిలబడి ఉంటే దారిన పోయేవాళ్ళు నవ్విపోయారు. "ఈరన్న దిష్టికి ఇడిసిపెట్టిండు," అని తిరుపతమ్మ అంది.

నాలుగింటిలో ఒకదాని ఒంట్లోంచి బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు బయటికి వచ్చి అది చచ్చిపోయింది. ఇంకొకదాన్ని, నేను ఆకు మారుస్తుండగా కోడి ఎత్తుకుపోయింది. మిగిలినవి రెండు. వినాయక చవితి దాటిన నాలుగో రోజు అవి రంగు మారి, అవ్వ తెచ్చిన మట్టిలోకి దిగాయి. శాంతమ్మ కుండ మీద రెండు అని రాసింది.

"ఇంక తవ్వి సూడొద్దు. ఎన్ని దినాలైనా సరే. ఒక పుల్ల గుచ్చిపెట్టు, ఎక్కడానికి ఆసరా. అప్పుడప్పుడు ఇన్ని నీళ్ళు సల్లు. గంతే."

తవ్వకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. రోజుకు పదిసార్లు పోయి కుండకు చెవి ఆనించేదాన్ని. ఏ చప్పుడూ లేదు. పది రోజులు. పదిహేను. నాకొక ఆశ ఉండేది, ఎవరితోనూ చెప్పలేదు. రెక్కల పురుగు వస్తుంది, భీమమ్మ చూసి సిగ్గుపడుతుంది, రాములును తెచ్చి మాకు ఇచ్చేస్తుంది. అక్క, రాములు ఇద్దరూ ఎప్పటికీ మా ఇంట్లోనే ఉంటారు. మా ముగ్గురికీ ఒకే గొంగడి. దేవుడికి నేను పెట్టుకున్న అర్జీ అది.

పెత్తరమాస వచ్చింది, పోయింది. కుండలో కదలిక లేదు.

నాలుగో నాడు పొద్దు వాలుతుండగా భీమమ్మ వచ్చింది. వెంట ఒక మోతగాడు. వాకిట్లో గంప దించి సామాను ఒక్కొక్కటిగా పెట్టాడు. బిందె, తాంబాళం, రెండు చెంబులు, గరిటె. చింతపండుతో తోమి తెచ్చినట్టుంది, అన్నీ తళతళలాడుతున్నాయి. నేను భీమమ్మను రాక్షసి అనుకునేదాన్ని. ఎముకలు తేలిన చిన్న మనిషి ఆమె. అయిదు నెలల్లో జుట్టంతా తెల్లబడింది.

"సరిసూసుకో వదినా," అంది అవ్వతో. "ఒక్కటి తక్కువ లేదు."

"నీళ్ళు తాగు ముందు," అని అవ్వ చెంబు అందించింది.

"ఒద్దు. ఈ ఇంట్ల నీళ్ళు తాగొద్దనే ఒచ్చిన."

"పిల్ల ఎట్లున్నది అత్తా?" అంది అక్క గుంజ చాటునుంచి.

భీమమ్మ వంగి గరిటెను తాంబాళంలో సర్దింది. నాయన రేవు దాకా పోయి తిరిగి వచ్చాడు. పైన వానలు పడి నీళ్ళు పెరిగాయట, పుట్టి రేపు గానీ వేయరట. భీమమ్మ వాకిట్లోనే, మా గోడకు ఆనకుండా, తన మూట మీద కూర్చుంది.

దీపాలు పెట్టే వేళైంది. నేను కొట్టంలోకి పోయి అలవాటుగా కుండకు చెవి ఆనించాను. లోపల గీరుతున్న చప్పుడు. పేలిక విప్పితే మట్టి పగిలి ఉంది. తడిసి ముద్దయిన బొచ్చు పురుగు ఒకటి పుల్ల పట్టుకుని పైకి ఎక్కుతోంది. రెక్కలు నలిగిన గుడ్డపేలికల్లా ఉన్నాయి. వాకిట్లో భీమమ్మ ఉంది. చెప్పాలో వద్దో తెలియక, అక్క దగ్గరికి పోయి చెయ్యి పట్టి లాగాను.

అక్క వచ్చి చూసింది. కుండను రెండు చేతులా ఎత్తింది. అవ్వ "ఏం జేస్తున్నవే పిచ్చిదానా!" అని అడ్డం వచ్చేలోపు తీసుకుపోయి భీమమ్మ ముందు దించింది. దీపం తెచ్చి పక్కన పెట్టింది.

"అత్తా, ఒక్క గడియ సూడు. తర్వాత నీ ఇష్టం."

నేను శాంతమ్మ కోసం ఉరికాను. ఆమెను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇరుగుపొరుగు పోగయ్యారు, కానీ అందరూ దూరం దూరంగా. పురుగు పుల్ల కొసకు చేరి వేలాడుతోంది. దాని రెక్కలు సాగుతున్నాయి. కదలిక తెలియదు, కానీ చూస్తుండగానే పెద్దవవుతున్నాయి. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు తేలాయి. వీపు మీద రెండు కళ్ళు, దవడ. ఆ ముఖం.

అక్క వేలు చాపి దాన్ని కదిపింది. కీచుమంది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. భీమమ్మ వేయలేదు.

"గిదే," అంది. "గా దినమొచ్చింది గిదే."

"మా నువ్వుల కొమ్ముపురుగు అత్తా అది. మణి ఆకేసి పెంచింది."

"ఎవరు జెప్పిన్రు?"

శాంతమ్మ కంప దగ్గరినుంచి చెప్పింది. గుడ్డు నుంచి రెక్కల దాకా, మట్టిలో ఉండే రోజులు లెక్కబెట్టి చెప్పింది. భీమమ్మ అటు తిరగకుండానే విన్నది. దీపం వెలుగులో ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏవో రోజులు తాను కూడా లెక్కబెట్టుకుంటున్నట్టుంది.

"యాసంగిల మోటబాయి కింద మేం గూడ నువ్వులేసినం," అంది. "కొమ్ముపురుగు మస్తు పడ్డది. ఏటేట నేనే ఏరుత. ఈయేడు ఏరలె. కొడుక్కు జరమొచ్చెనని ఆని కాడ్నే కూసున్న. చేను మొకం సూడలె."

భీమమ్మ కుండలోని పగిలిన మట్టిని వేలితో తాకింది.

"ఏరనియి మన్నుల పడ్డయి. మన్నులకెల్లి ఇంట్లకొచ్చినయి. గంతేనా?"

"గంతేనమ్మా," అంది శాంతమ్మ.

భీమమ్మ తలెత్తి అక్కను చూసింది. వచ్చినప్పటినుంచి అక్కను చూడడం అదే మొదలు.

"అయితె నా కొడుకు ఊర్కెనే పోయిండా, జములమ్మా? ఎవరు తీస్కపోలేదా? ఊర్కెనే పోయిండా?"

అక్క ఆమె పక్కన కూర్చుంది. దీపాన్ని ఇద్దరి నడుమకు జరిపింది. ఇద్దరూ ఆ కుండ ముందు పక్కపక్కన కూర్చున్నారు. రెక్కలు ఆరిన పురుగు ఒళ్ళు వణికించి, లేచి, మా కొట్టం కప్పు మీదుగా వెళ్ళిపోయింది. దాని వెంట ఎవరూ చూడలేదు.

పొద్దున అవ్వ మళ్ళీ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. భీమమ్మ తాగింది. లేచి మూట సర్దుకుని, వాకిట్లో తళతళలాడుతున్న బిందె వైపు చూసింది.

"మోతగాడు పొద్దుగాలనే ఎటో పోయిండు. గీ సామాను నేను మోయలేను," అంది అక్కతో. "నువ్వెత్తుకో. దినామ్ జడెయ్యమని పిల్ల నా పానం తింటున్నది. నా చేతులు వణుకుతయి, పాపిడి రాదు."

అక్క ఒక్క నిమిషం కూడా ఆగలేదు. రెండో చీర తీసుకోవడం కూడా మరిచిపోతే అవ్వే తెచ్చి బిందెలో పెట్టింది.

రేవు దాకా నేను అక్క కొంగు విడవలేదు. కృష్ణ ఎర్రగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నిండుగా పోతోంది. పుట్టి దగ్గర నేను ఏడుపు అందుకున్నాను.

"నేను గూడ వస్త."

"ఏడికొస్తవే పోరి, నీళ్ళు సూసినవా?" అంది భీమమ్మ.

అక్క నా కళ్ళు తుడిచింది. "రెండోది ఇంక రాలె గద మణీ. నువ్వొస్తె దాన్నెవరు సూడాలె?" అంది. అప్పుడే ఆమె మనసు ఇక్కడ లేదని నాకు తెలిసింది. చేతులు నా చెంపల మీద ఉన్నాయి, అంతే.

తోలు పుట్టి తిన్నగా పోదు. ప్రవాహంలో గుండ్రంగా తిరుగుతూ పోతుంది. లోపల కూర్చున్న వాళ్ళ ముఖం ఒకసారి ఈ ఒడ్డుకు, ఒకసారి ఆ ఒడ్డుకు తిరుగుతుంది. తిరిగినప్పుడన్నా నన్ను చూస్తుందని ఒడ్డు మీద నిలబడ్డాను. తర్వాతి కాలంలో నేను చాలామందిని సాగనంపాను. అందరూ వెనక్కి చూశారు. ఆ చూపులే నాకు నిద్ర పట్టనివ్వవు. అక్క ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. పుట్టి తిరిగినప్పుడల్లా ఆమె ఒళ్ళో బిందెను పట్టుకునే మెడ తిప్పుకుని, పాన్‌గల్ ఒడ్డు మీదే కళ్ళు నిలుపుకుంది. అప్పుడు అందుకు ఎక్కెక్కి ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే చేతులు వాటంతటవే దండం పెడతాయి. ఆ ఒడ్డున మూడేళ్ళ పిల్ల తల దువ్వించుకోవడానికి ఎదురుచూస్తోంది.